వట్టి సీసా

పక్కింటి నుంచి గిన్నెలో కూర వస్తే ఆ గిన్నెని వట్టిగా తిరిగి పంపే ఇల్లాలు కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో కాగడా పెట్టి వెతికినా దొరకదు. ఇంట్లో ఇంకేమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపుతుంది. అందుకే పురిటి బిడ్డలున్న ఇళ్లకి పాల కేంద్రం వాళ్లు గాజు సీసాల్లో పాలు పంపడం మొదలుపెట్టి, సీసాని వేడినీళ్లతో కడిగి ఖాళీగా తిప్పి పంపాలని దాని మీద కాగితం అంటిస్తే, జనం ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివారు, తల ఊపారు, సీసాలో బెల్లం ముక్క వేసి పంపారు. కాగితం మర్యాద కాగితానిది, ఇంటి మర్యాద ఇంటిది.

కేంద్రం వెనకవైపు షెడ్డులో ఆ సీసాలు కడిగే మనిషి దానమ్మ. లోపల ఏముంటే అది చెత్తబుట్టలో పడేయమని ఆమెకి చెప్పారు. మొదట్లో పడేసింది కూడా. కానీ బిడ్డ బతికినందుకు ఒక తల్లి పెట్టిన బెల్లాన్ని చెత్తలో వేస్తుంటే చెయ్యి ఆడలేదు. అది ఎవరి కోసం పెట్టారో వాళ్లకే చెందాలనుకుంది. వాటన్నిటినీ ఒక కాగితంలో పొట్లం కట్టి, గోడలో ఉన్న రెండు తలుపుల అరలో అన్నం పళ్లెం కింద దాచి అవతలికి తోసేసింది. అవతల ఉన్నది ఆ పాలిచ్చే నాంచారి.

నాంచారి ఆ గదిలోకి వచ్చి రెండు కార్తెలో మూడు కార్తెలో కాదు, వానాకాలం పోయి, చలికాలం కూడా పోయి, ఎండలు ముదురుతున్నాయి. గదిలో మంచం, ఫ్యాను, పాలు తీసే మిషను ఉన్నాయి. ఒక వైపు అద్దపు గోడ. ఇంకో వైపు తెరవడానికి వీల్లేని కిటికీ, అందులోంచి చేపల చెరువులు, వాటి గట్ల మీద కొంగలు. లోపలికి ఎవరొచ్చినా నెత్తి నుంచి కాళ్ల దాకా తొడుగు వేసుకునే వస్తారు. ఉత్త చెయ్యి తగిలి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. ఒక్కోసారి తన చేతినే ఇంకో చేత్తో పట్టుకుని కూర్చునేది.

అందుకే ఆ పొట్లం కోసం ఎదురుచూసేది. దానిని విప్పి ఒక్కొక్కటే తినేది. ఒక ఇంటివాళ్లు బెల్లంతో పాటు నాలుగు నువ్వులు కూడా వేస్తారు. ఒకామె అటుకులు, మరొకామె గుప్పెడు పుట్నాలపప్పు. ఎవరో మహాతల్లి చలిమిడి ముద్ద పెట్టింది, నీ కడుపు చల్లగా ఉండాలని. మొహం తెలియని ఆడవాళ్లందరూ రుచిని బట్టి నాంచారికి చుట్టాలయ్యారు.

ఒక్క సీసా మాత్రం ఎప్పుడూ వట్టిగా వచ్చేది. తళతళలాడేలా కడిగి, ఆరబెట్టి, మూత బిగించి మరీ పంపేవారు. అది నాంచారి సొంత ఇంటి నుంచి వచ్చే సీసా. మా ఇంటి నుంచి ఏమైనా వచ్చిందా అని ఆమె అడగడం, సీసా శుభ్రంగా ఉందమ్మా అని దానమ్మ మాట తప్పించడం, ఇది రోజూ జరిగే తంతు. కొన్నాళ్లకి అడగడం మానేసింది. మొగుడికి కోపం పోలేదని తనకు తనే తీర్మానం చేసుకుంది.

ఆ కోపం కిందటి శ్రావణంలో మొదలైంది. వరద నీళ్లు చేపల చెరువులన్నిటినీ ఏకం చేసి వెళ్లాక పురిటి బిడ్డలకి నీటి జబ్బు పట్టుకుంది. వాంతులు, విరేచనాలు, చూస్తుండగా మాడు గుంట పడిపోవడం. ఏ మందుకీ లొంగలేదు. చేపలకి తెగుళ్లు రాకుండా ఏళ్ల తరబడి చెరువుల్లో పోసిన మందులన్నీ తాగి ఆ క్రిములు రాటుదేలిపోయాయి. అప్పుడే కాన్పయి పురిటి వార్డులో ఉన్న నాంచారి కళ్ల ముందు పక్క ఉయ్యాలలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. ఆమె కడుపు నొప్పితో మెలికలు తిరుగుతూనే బిడ్డకి పాలిచ్చింది. బిడ్డ మాత్రం ఏమీ ఎరగనట్టు కాళ్లు ఆడిస్తూ ఉంది.

ఈ వింత కనిపెట్టినవాడు డాక్టర్ మార్కండేయులు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని దాని కోసం గదంతా వెతికే రకం. పేగుల్లో బతికే క్రిముల గురించి చదవడంలోనే ఆయన జుట్టు నెరిసింది. తల్లి కడుపులో పడ్డ క్రిమికి ఆమె ఒంట్లో విరుగుడు తయారై పాలలోకి దిగుతుందని, అది అందరు తల్లులకీ జరిగేదేనని, కాకపోతే చాలా రోజులు పడుతుందని ఆయన నాంచారికి వివరించాడు. ఈ జబ్బు బిడ్డకి అన్ని రోజులు గడువివ్వదు. నాంచారికి మాత్రం సాయంత్రం క్రిమి పడితే తెల్లారేసరికి విరుగుడు దిగుతోంది. అలాంటి ఒళ్లు లక్షల్లో ఒకరికి కూడా ఉండదట. ఆమె పాలని క్రిములు చచ్చేలా, విరుగుడు చావకుండా వెచ్చచేసి ఒక్కో బిడ్డకి రెండు చెంచాలు పోస్తే చాలు. అయితే కొత్త క్రిమి తలెత్తినప్పుడల్లా ఆమె దానిని మింగాలి. మింగిన మనిషి ఒంట్లో క్రిములు ఉంటూనే ఉంటాయి కనుక ఏ బిడ్డ దగ్గరికీ వెళ్లకూడదు, తన బిడ్డ దగ్గరికైనా సరే.

వానలు వెలిసేదాకా కదా అని నాంచారి ఒప్పుకుంది. ఖాళీ ఉయ్యాలలు ఆమె కళ్లలోంచి పోలేదు. భర్త ఏడుకొండలు చేపల చెరువుకి కాపలాదారు. గట్టు మీద ఒంటరి ఇల్లు, ఉలుకూ పలుకూ తక్కువ మనిషి. ఆ రోజు ఒక్క మాట అన్నాడు.

"ఊళ్లో బిడ్డలందరికీ తల్లివవుతావు, మన బిడ్డకి తప్ప."

బిడ్డకి పదకొండో రోజున కొల్లేటికోట అమ్మవారి పేరు కలిసొచ్చేలా పెద్దింట్లు అని పేరు పెట్టి, చిన్ని అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాంచారి ఫోన్లో విన్నది. గట్టు మీద సిగ్నల్ సరిగ్గా అందదు, బొమ్మ కనపడదు, మాటే ముక్కలు ముక్కలుగా వస్తుంది. మొదట్లో ఏడుకొండలు చిన్ని బోర్లా పడిందని, నవ్విందని చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఇటు నాంచారి ఏడ్చేది. తర్వాత్తర్వాత బాగుంది, బానే ఉంది అనడంతో సరిపెట్టాడు. ఆమె దాన్ని కూడా కోపం కిందే లెక్కేసుకుంది.

వానలు వెలిశాయి కానీ జబ్బు వెలవలేదు. నాంచారి ఉండిపోయింది. డాక్టరు వారానికోసారి గాజు గొట్టంలో ల్యాబులో పెంచిన క్రిమిని పంపేవాడు. బియ్యం కడుగునీళ్లలా ఉండే దానిని ఆమె కళ్లు మూసుకుని మింగి, ఓ పూట నొప్పి పడి, పాలు మిషనుకిచ్చేది. ఆ పాలు పోసిన ఊళ్లలో పురిటి బిడ్డల చావులు ఆగిపోయాయి. డాక్టరుకి ఆనందంతో పాటు ఒక ఆశ్చర్యం కూడా పట్టుకుంది. తను పంపిన క్రిములకే కాక ఎన్నడూ పంపని క్రిములకి కూడా ఆ పాలలో విరుగుడు కనపడుతోంది. నీ ఒళ్లు నాకంటే ముందు నడుస్తోందమ్మా అని అద్దం అవతల నిలబడి మురిసిపోయేవాడు. నాంచారి నోట్లో కరిగే బెల్లం ముక్కని ఓ బుగ్గకి నెట్టి తల ఊపేది. పొట్లాల సంగతి చెబితే దానమ్మ కొలువు పోతుందని ఆమె భయం.

ఇంతలో ఓ మంచి కబురు వచ్చింది. ఆమె పాలలోని విరుగుళ్లని విడదీసి హైదరాబాదులో ఓ పొడి తయారు చేస్తున్నారు. అది వస్తే ఇక ఆమె అక్కర్లేదు. కొన్నాళ్లు విడిగా ఉంచి, ఒంట్లో క్రిమి లేదని తేలాక మామిడికాయల రోజులకి ఇంటికి పంపేస్తానని డాక్టరు మాటిచ్చాడు. ఆ రోజు నుంచి నాంచారి కిటికీ దగ్గరే కూర్చునేది. ఈ యేడు ఆవకాయకి, ఇంట్లో బిడ్డని సాకుతున్న వదినతో కలిసి కారం దంచుతున్నట్టు, బిడ్డ ఘాటుకి తుమ్ముతున్నట్టు ఊహించుకునేది. అయితే ఎంత ప్రయత్నించినా ఆ బిడ్డ మొహం ఎలా ఉంటుందో ఊహకి అందేది కాదు. పురిటి బిడ్డ మొహమే వచ్చి అడ్డం నిలబడేది.

ఓ పొద్దున డాక్టరు అద్దం దగ్గరికి వచ్చి ఏదో చెప్పసాగాడు. ఆయన మైకు నొక్కడం మర్చిపోయాడు. పెదవులు మాత్రం గబగబా కదులుతున్నాయి. నాంచారికి నవ్వొచ్చి మైకు వైపు వేలు చూపించింది. ఆయన మీట నొక్కాక వినపడ్డ మాటలకి ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది.

చిన్నికి నిన్నటి నుంచి నీటి జబ్బు. గట్టు మీంచి ఆసుపత్రికి తెచ్చారు, సెలైన్ ఎక్కుతోంది. బిడ్డ పుట్టిన దగ్గర్నుంచీ కేంద్రం పాలు పోస్తూనే ఉన్నారు, ఇప్పుడూ పోస్తున్నారు. పని చేయడం లేదు.

మిగతా బిడ్డలకి ఎలా ఉందని నాంచారి అడిగింది. అందరూ బాగానే ఉన్నారని, ఈ ఒక్క ఇంట్లోనే పాలు ఓడిపోయాయని, ఎందుకో తనకి అంతుబట్టడం లేదని ఆయన ఒప్పుకున్నాడు. ఒక్కో చెరువులో ఒక్కో మందు పోశారు, ఒక్కో చెరువు పురుగు ఒక్కో రకంగా మొండికెత్తింది, మీ గట్టు మీది పురుగు ఇంతవరకూ నా చేతికి చిక్కలేదు అన్నాడు. దాన్ని పట్టుకుని, ల్యాబులో పెంచి, ఎంత మోతాదులో ఇవ్వాలో తేల్చేసరికి పది రోజులు పడుతుందట. బిడ్డ అన్ని రోజులు ఆగదని ఆయన అనలేదు. ఇద్దరికీ తెలుసు.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ముక్కూ మొహం తెలియని బిడ్డలందరూ తన పాలతో చల్లగా ఉన్నారు. తన బిడ్డని మాత్రం ఆ పాలు కాయలేదు. డాక్టరు పంపని పురుగులకి కూడా తన పాలలో విరుగుడు ఉందన్నారు కదా, మరి ఆ ఇళ్ల పురుగులు తన కడుపులోకి ఎలా చేరాయి? ఆ ఇళ్ల నుంచి తనకేమొచ్చింది? నువ్వులు, అటుకులు, చలిమిడి వచ్చాయి. చెరువు నీళ్లలో ముంచిన చేతులతోనే పెట్టి ఉంటారు. ఏమీ రానిది ఒక్క ఇంటి నుంచే.

ఆమె అద్దానికి బాగా దగ్గరగా వచ్చింది.

"డాక్టరుగారూ, తప్పు నాది. దానమ్మక్కని ఏమీ అనమాకండి. సీసాల్లో వచ్చిందల్లా నేను తింటున్నానండి."

అంతా చెప్పింది. మార్కండేయులు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, మళ్లీ పెట్టుకోవడం మర్చిపోయి అలాగే విన్నాడు. కోప్పడతాడేమో అనుకుంది. ఆయన పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్లూ తను గాజు గొట్టాల్లో పంపింది పాత పురుగుల్ని. బతికి ఉన్న పురుగులు ఇంటింటి నుంచీ మర్యాదగా బెల్లం ముక్క మీద కూర్చుని వచ్చాయి.

"అయితే మా ఇంటి సీసా తెప్పించండి" అంది నాంచారి. "బిడ్డ నోట్లో పెట్టుకున్నదేదైనా వేసి పంపమనండి."

ఆయన వల్లకాదన్నాడు. తను పంపే ప్రతి గొట్టానికీ మోతాదు చూసి పంపాడు, దీనికి మోతాదు లేదు. ఎంత ఉందో, ఎంత మొండిదో తెలియదు. ఆమె ప్రాణానికే ముప్పు రావచ్చు.

"ఇంట్లో ఉంటే ఈపాటికి తినేసేదాన్నే కదండీ. బిడ్డ వదిలేసిన ముద్ద ఏ తల్లి పారేస్తుంది?"

డాక్టరు ఆసుపత్రిలో ఉన్న ఏడుకొండలుకి ఫోన్ కలిపించి ఇచ్చాడు. అక్కడ సిగ్నల్ బాగుంది. ఆమె మొగుడి గొంతు ముక్కలు కాకుండా విని ఎన్నాళ్లో అయింది. కావలసింది చెప్పింది.

"నీకు రోగం తగలకూడదనే కదా ఇన్నాళ్లూ సలసల కాగే నీళ్లతో ఆ సీసా కడిగింది" అన్నాడు ఏడుకొండలు. "వట్టిగా పంపకూడదురా అని మా అక్క పంచదార తెస్తే చెయ్యి పట్టుకుని ఆపాను. ఇయ్యాల నా చేత్తో నేనే పంపమంటావా?"

నాంచారి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఊరంతా కాగితం మాట పెడచెవిన పెడితే, తన మొగుడొక్కడే దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. ఆ సీసా అన్ని నెలలూ మెరిసింది కోపంతో కాదు. పిచ్చిమనిషి, ప్రేమతో కడిగి కడిగి బిడ్డకి కాపలా లేకుండా చేశాడు. ఆ మాట ఆయనకి ఎప్పటికీ చెప్పకూడదని అప్పుడే అనుకుంది.

"పంపు మావా. కడగమాకు" అని మాత్రం అంది.

మధ్యాహ్నం వ్యానులో సీసా వచ్చింది. దానమ్మ పొట్లం కట్టలేదు, దాచలేదు. మూత తీయని సీసానే అరలో పెట్టి, తలుపు వేసి, అవతలే నిలబడింది.

సీసా అడుగున ఓ బెల్లం ముక్క ఉంది. నాంచారి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. ఒక అంచు కరిగి నున్నగా అయింది. ఆ నున్నటి చోట పక్కపక్కనే రెండు చిన్న గాట్లు ఉన్నాయి. ఎక్కడో గీసుకుందేమో అనుకుంది మొదట. చిటికెన వేలి గోరు ఆనించి చూసింది. అంతకంటే సన్నగా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. చిన్నికి పళ్లు వచ్చాయి. కింది పళ్లు రెండు. ఎప్పుడొచ్చాయో, వచ్చేటప్పుడు ఎంత ఏడ్చిందో, ఎవరి వేలు కొరికిందో తనకెవరూ చెప్పలేదు.

నాంచారి వెక్కి వెక్కి ఏడ్చింది. ఊహకి అందని మొహంలో ఇప్పుడు రెండు పళ్లు మాత్రం కనపడుతున్నాయి. ఆ ముక్కని అలాగే దాచుకోవాలనిపించింది, దిండు కింద పెట్టుకుని పడుకోవాలనిపించింది. కానీ దాచుకుంటే ఆ పళ్లు ఉన్న బిడ్డ ఉండదు. చూడగలిగినంతసేపు చూసింది. గాట్లు లేని వైపు నుంచి కొరకడం మొదలుపెట్టి, గాట్లున్న చోటు ఆఖరికి నాలుక మీద పెట్టుకుంది.

పొద్దు వాలేసరికి నొప్పి వచ్చింది. డాక్టరు పంపే క్రిముల నొప్పి దీని ముందు ఎందుకూ కొరగాదు. పేగులు మెలిపెట్టేసింది. సెలైన్ పెట్టడానికి వచ్చిన నర్సు తొడుగు చేతిని పట్టుకుని నాంచారి మూలిగింది. మార్కండేయులు అద్దం అవతల కుర్చీలోంచి లేవలేదు. అంత బాధలోనూ ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుని, ఇది చిన్నిది అనుకుంది. కూతురి దగ్గర్నుంచి తనకి వచ్చిన మొదటి వస్తువు ఈ నొప్పే. దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

తెల్లారి మిషను పెట్టారు. ఆమె కూర్చోలేకపోతుంటే దానమ్మ తొడుగు వేసుకుని లోపలికొచ్చి వీపు వెనక ఆసరాగా కూర్చుంది. ఆ పాలు నేరుగా ఆసుపత్రికి వెళ్లాయి. మొదటి రోజు బిడ్డ కక్కేసింది. మర్నాడు రెండు చెంచాలు నిలుపుకుంది. ఆ తర్వాతి రోజు ఏడుకొండలు ఫోన్ చేసి, మాడు లేచింది, ఆకలికి ఏడుస్తోంది అన్నాడు. ఏడుపు వినిపించాడు కూడా. నాంచారి దాన్ని పాటలా విన్నది.

ఆమె లేచి కూర్చోగలిగాక డాక్టరు వచ్చాడు. ఈసారి మైకు నొక్కడం మర్చిపోలేదు. పొడి పనికిరాదని చెప్పాడు. అది నిన్నటి పురుగులకి కాపలా. ఇంటింటికీ మారే పురుగుని పొడి ఎక్కడ పట్టుకుంటుంది? ఇలాంటి ఒళ్లున్న ఇంకో తల్లి కోసం వెతుకుతున్నాను, ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేను అన్నాడు.

"కానీ నీకిచ్చిన మాట మాటే తల్లీ. మామిడికాయల రోజులకి గేటు తీస్తాను. ఉండమని అడిగే మొహం నాకు లేదు."

ఆయన వెళ్లాక నాంచారి కిటికీ దగ్గరికి వెళ్లింది. షెడ్డు ముందు వ్యాను ఆగి ఉంది. దానమ్మ పాలు నింపిన సీసాల మీద నుంచి పాత కాగితాలు గోకి తీస్తోంది. ఇక కడిగి పంపమని ఎవరికీ చెప్పరు. ఎన్ని ఇళ్లో, ఎన్ని ఉయ్యాలలో. వార్డులో ఖాళీ అయిన ఉయ్యాలలకి ఆయా గుడ్డ ఎలా మార్చిందో నాంచారికి ఇప్పటికీ గుర్తుంది. ఆ సాయంత్రం ఏడుకొండలు ఎప్పుడొస్తావని అడిగితే, సిగ్నల్ బాగానే ఉన్నా, వినపడటం లేదని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేసి చీకటి పడేదాకా ఏడ్చింది.

మర్నాడు దానమ్మ అరలో అన్నం పెట్టి, పొట్లం పెట్టి, దాని పక్కనే విడిగా ఓ సీసా పెట్టింది. అందులో మళ్లీ బెల్లం ముక్క. మళ్లీ రెండు గాట్లు, ఈసారి ఇంకొంచెం లోతుగా. నాంచారి దాన్ని వెలుగుకేసి తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత గోడలోని అర దగ్గరికి వంగి దానమ్మని పిలిచింది.

"అక్కా, ఆ వ్యాను అబ్బాయితో మా ఆయనకి కబురు చెప్పించు. ఇకనించి బెల్లం ముక్క కొంచెం పెద్దది పెట్టమను. మూడో పన్ను ఎప్పుడొస్తుందో చూసుకుంటాను."